అవుట్‌పుట్ వస్తే చాలా?

సంపాదకుల వారికి,

ఇంజినీరింగ్ ల్యాబుల్లో ప్రోగ్రామ్ నడిచి అవుట్‌పుట్ వస్తే రికార్డు మీద సంతకం పడిపోతుంది. కోడింగ్ వరకు అది సరే. డిజైన్, అంటే కోడ్‌ను భాగాలుగా ఎలా అమర్చారన్న సంగతి మాత్రం ప్రోగ్రామ్‌ను మార్చాల్సి వచ్చినప్పుడే బయటపడుతుంది. తిరుపతి, చిత్తూరు కాలేజీలు ఆ మార్పునే సాధనగా పెట్టాలని మా మనవి.

మన పక్క అందరికీ తెలిసిన పాల సేకరణ కేంద్రాన్నే తీసుకోండి. లీటర్లు, ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాల శాతం) చూసి ధర కట్టి, చీటీ ఇచ్చి, 15 రోజులకోసారి బిల్లు తీసే ప్రోగ్రామ్ రాయించాలి. మరుసటి వారం అదే కోడ్‌కు ఒకదాని తర్వాత ఒకటిగా మూడు మార్పులు చెప్పాలి. ఆవు పాలకు, గేదె పాలకు వేర్వేరు ధరల పట్టిక. బిల్లు గడువు మధ్యలో ధర మారడం. తప్పు రీడింగ్ పడిన నిన్నటి చీటీని సవరించడం. ఇవి విద్యార్థులకు ముందుగా తెలియకూడదు. ఒక్కో మార్పుకు ఎన్ని ఫంక్షన్లు (ఒక్కో పని చేసే కోడ్ ముక్కలు) ముట్టుకోవాల్సి వచ్చిందో విద్యార్థే లెక్క రాసుకోవాలి.

మొదటి మార్పుకే చాలామంది ఇరుక్కుంటారు. ధర లెక్క చీటీలో ఒకసారి, బిల్లులో ఒకసారి, రోజువారీ మొత్తంలో ఇంకోసారి రాసి ఉంటుంది. రెండుచోట్ల మార్చి మూడోది మరిచిపోతారు. రెండోది ఇంకా గడుసుది. ఏ ధర ఏ తేదీ నుంచో దాచుకోకపోతే, కొత్త ధర పెట్టగానే పాత చీటీల లెక్క కూడా మారిపోయి, రైతు చేతిలోని చీటీకి బిల్లుకు పొంతన ఉండదు.

అప్పుడు రేపు మారగల నిర్ణయాలేవో కాగితం మీద రాయించి, ఒక్కోదాన్ని ఒక్కో మాడ్యూల్ (ప్రోగ్రామ్‌లో విడిగా ఉండే భాగం) లోపలే ఉంచుతూ ప్రోగ్రామ్‌ను మొదటినుంచి రాయించాలి. డేవిడ్ పార్నాస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1972లోనే ఒక సూచిక తయారుచేసే ప్రోగ్రామ్‌ను పనుల వరుసను బట్టి ఒకలా, దాచాల్సిన నిర్ణయాలను బట్టి మరోలా విడదీసి, మార్పు వస్తే ఎన్ని మాడ్యూళ్లు కదులుతాయో పోల్చి చూపారు. ‘ఇన్ఫర్మేషన్ హైడింగ్’ అనే ఈ పద్ధతిని నిర్వచనంగా బట్టీపట్టి ఏం లాభం?

రెండోసారి రాసేటప్పుడు అతి కూడా చేస్తారు, ఒక ధరకు అయిదు క్లాసులు (కోడ్ విభాగాలు) పుట్టిస్తారు. మూడు మార్పుల్లో ఒక్కదానికీ అక్కరకు రాని ఇంటర్‌ఫేస్‌ను (భాగాల మధ్య పెట్టిన అదనపు పొరను) తీసేయమనాలి. ఆఖరున కోడ్‌లు అటూ ఇటూ మార్చి, రాసినవాళ్లను అడక్కుండా 40 నిమిషాల్లో ఇంకో మార్పు చేయమంటే, పేర్లు అర్థంకాక ఎక్కడ ఆగిపోయారో తెలిసిపోతుంది.

సిలబస్‌కే టైమ్ చాలడం లేదని లెక్చరర్లు అనవచ్చు. ఉన్న ల్యాబ్ ప్రోగ్రాముల్లో ఒక్కదాన్ని మూడు వారాలు సాగదీస్తే చాలు, కొత్తది చేర్చనక్కర్లేదు.

ఇట్లు,
ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, తిరుపతి