యాప్ ఒకటే, దేశానికో రకం దారి

సంపాదకుడు గారికి,

అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మన పిల్లలు హైదరాబాద్‌లో కారెక్కగానే ఎత్తుకునే మాట ఒకటుంది. అక్కడ మ్యాప్ గుమ్మం దాకా తీసుకెళ్తుందట, ఇక్కడేమో వెనక గల్లీలో ప్రహరీ గోడ ముందు ఆపేసి గమ్యం వచ్చేసిందంటుందట. నిజమే. కానీ ఫోనూ అదే, యాపూ అదే కదా! తేడా యాప్‌కు అందే సమాచారంలో ఉంది. అది ఇవ్వాల్సింది చాలావరకు ప్రభుత్వాలే.

దక్షిణ కొరియా సంగతి చూడండి. గూగుల్ మ్యాప్స్ అక్కడ ఏళ్ల తరబడి కారుకు గానీ నడకకు గానీ సరిగ్గా దారి చూపలేకపోయింది. 1:5000 స్కేలున్న వివరమైన పటాన్ని దేశం దాటనివ్వబోమని అక్కడి ప్రభుత్వం 2007లోనూ, 2016లోనూ తేల్చి చెప్పింది. పక్కనే ఉత్తర కొరియా ఉంది కాబట్టి భద్రత అన్నారు. స్థానికులకు మాత్రం లోటేం లేదు. సబ్‌వేలో ఏ పెట్టె ఎక్కితే దిగగానే మెట్లు దగ్గరో కూడా వాళ్ల సొంత మ్యాపులు, నేవర్, కాకావో చెప్పేస్తాయి. తిప్పలు పడింది టూరిస్టులే. చైనాలో ఇంకో తంతు. అక్కడ మ్యాపులు కావాలనే కాస్త పక్కకు జరిపిన జీసీజే-02 అనే అక్షాంశ రేఖాంశాల లెక్కలో ఉండాలని నిబంధన. అందుకే బయటి యాప్ తెరిస్తే ఉపగ్రహ చిత్రంలో రోడ్డు ఒకచోట, గీసిన గీత మరోచోట కనిపిస్తాయి.

మనం నేర్చుకోవాల్సింది జపాన్ నుంచి. అక్కడ చాలా వీధులకు పేర్లే లేవు. ఇళ్ల నంబర్లు చాలాచోట్ల వరసలో ఉండవు, ఏ ఇల్లు ముందు కడితే దానికి ముందు నంబరు. వార్డు, బ్లాకు, ఆపైన బై మీద బై పడే మన హైదరాబాద్ ఇంటి నంబర్లకు ఏమాత్రం తీసిపోవు. అయినా ఇల్లు దొరుకుతుంది. జెన్రిన్ అనే సంస్థ మనుషులు దశాబ్దాలుగా వీధి వీధీ నడిచి, గేటు మీద పేరు చూసి రాసుకుని పటాలు గీస్తున్నారు మరి. 2019 మార్చిలో గూగుల్ ఆ సంస్థ డేటాను పక్కనపెట్టి సొంత పటానికి మారగానే రోడ్లు, బస్టాపులు మాయమయ్యాయని జపాన్‌లో గగ్గోలు పుట్టింది.

మన దగ్గర అన్నీ నాసిరకమేం కాదు. ఎర్రగీత కనబడితే ట్రాఫిక్ జామ్ ఉన్నట్టే. రోడ్డెక్కిన ఇన్ని లక్షల ఫోన్ల కదలికను చూసి వేసే లెక్క కాబట్టి అది తప్పదు. బైకులకు వేరే దారి చూపే సదుపాయం 2017లో ముందుగా ఇండియాకే వచ్చింది. ఫోన్లు చెప్పలేనిది, అధికారులు చెప్పాల్సింది మాత్రం దొరకదు. రాత్రికి రాత్రి యూటర్న్ మూసేస్తారు, వన్‌వే చేస్తారు. ఆ ముక్క బారికేడుకు కట్టిన ఫ్లెక్సీ మీదే ఉంటుంది. ఇక డెలివరీ కుర్రాడు మూడుసార్లు ఫోన్ చేసి ‘సార్, ఏ గుడి పక్కన?’ అని అడగక ఏం చేస్తాడు?

దీని ఫలితం టెన్షన్‌తోనే ఆగదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర మ్యాప్ చూసుకుంటూ వెళ్లిన కారు రామగంగ మీది వంతెన పైనుంచి పడి ముగ్గురు చనిపోయారు. అందరూ మ్యాప్‌నే తిట్టారు. ఆ వంతెన కొంతభాగం అంతకుముందే వరదకు కొట్టుకుపోయింది. దారికి అడ్డంగా గట్టి బారికేడే లేనప్పుడు మ్యాప్‌కు ఎవరు చెబుతారు?

2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల తయారీపై ఆంక్షలు చాలావరకు ఎత్తేసింది. 2025లో తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీలతో కలిసి డిజిపిన్ అనే డిజిటల్ చిరునామా పద్ధతి తెచ్చింది. నేల మీద ప్రతి నాలుగు మీటర్ల గడికీ అక్షరాలు, అంకెలు కలిపి పదింటితో ఒక గుర్తు. మంచిదే, కానీ గేటు ఏ వీధి వైపుందో అది చెప్పదు.

లండన్ రవాణా సంస్థ తన బస్సులు, రైళ్ల సమాచారం ఎవరైనా వాడుకునేలా ఉచితంగా ఇస్తోంది. మన కార్పొరేషన్, ట్రాఫిక్ పోలీసులు కూడా మూసిన రోడ్లు, మార్చిన యూటర్న్‌ల వివరాలు యాప్‌లు నేరుగా తీసుకునేలా ఏ రోజుకారోజు విడుదల చేయాలి. వానకు మునిగే చోట్ల జాబితా ఎలాగూ వాళ్ల దగ్గరుంది. వచ్చే వానాకాలం లోపు దాంతోనే మొదలుపెట్టమనండి.

– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్