ఆపమంటే ఆపిన డాక్టరమ్మకు

పరకాల దగ్గర ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్‌ని. నాకు 40 ఏళ్ళు. మొన్న బుధవారం హన్మకొండలో ఎడమవైపు కింది దవడ పన్నుకు క్యాప్ వేయించుకుని ఇంటికొచ్చాను. చాలామందికి ఇది ఒక పూట పని. నాకు 31 ఏళ్ళు పట్టింది. నన్ను ఆ కుర్చీ దాకా నడిపించినవాళ్ళకు అందరి ముందు దండం పెట్టుకోవాలని రాస్తున్నాను. పేర్లు వద్దని వాళ్ళే అన్నారు కాబట్టి వరుసలతోనే చెప్పుకుంటాను.

నాకు 9 ఏళ్ళప్పుడు దవడ వాచి జ్వరం వచ్చింది. బాపు సైకిల్ మీద కూర్చోబెట్టుకుని ఒక పండ్ల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. ఏ ఊరు, ఎవరు అన్నది ఇప్పుడు అనవసరం. "ఏం గాదు బిడ్డా, చూస్తడంతే" అన్నారు. కుర్చీలో కూర్చోగానే ఇద్దరు చేతులు పట్టుకున్నారు, ఒకరు కాళ్ళు పట్టుకున్నారు. సూది వేసి, అది ఎక్కకముందే పన్ను పీకారు. నేను అరుస్తుంటే "నొప్పి యాడిది, ఊకె ఏడుస్తున్నవ్" అన్నాడాయన. ఆ నొప్పి ఎంతసేపు ఉందో నాకు గుర్తు లేదు. ఆపమని చెప్పడానికి నోరు నాది కాకుండా పోవడం, నా పాదాల మీద ఆ గట్టి పట్టు మాత్రం నిన్న జరిగినట్టే ఉంటాయి.

ఆ తర్వాత పన్ను నొప్పి వచ్చినప్పుడల్లా లవంగం నూరి పెట్టుకున్నాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను, మెడికల్ షాపులో గోలీలు అడిగి వేసుకున్నాను. ఆ గోలీలతో కడుపులో మంట మొదలైతే దానికి ఇంకో గోలీ. సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ సకినాలు చుట్టిపెట్టి, నేను మాత్రం చాయ్‌లో నానబెట్టుకుని కుడివైపు నమిలేదాన్ని. బతుకమ్మ ఆడేటప్పుడు కూడా నోరు పెద్దగా తెరిచి పాడితే వాసన వస్తుందేమోనని వెనక వరుసలో ఉండేదాన్ని. మా ఆయనకు కూడా ఈ సంగతి చెప్పలేదు. రెండేళ్ళ కింద నొప్పి దానంతటదే ఆగిపోయింది. తగ్గిందనుకుని భద్రకాళి గుడిలో కొబ్బరికాయ కొట్టి వచ్చాను. అది తగ్గడం కాదట. పన్ను లోపలి నరం చచ్చిపోయింది కాబట్టి నొప్పి తెలియలేదు, వేరు కింద చీము మాత్రం పెరుగుతూనే ఉంది. ఈ మాట ఎక్స్‌రే చూపించి చెప్పేదాకా నాకు తెలియదు. నాలాగే నొప్పి ఆగిందని ఊరుకున్నవాళ్ళు ఇది చదువుతుంటే, దయచేసి ఒక్కసారి చూపించుకోండి.

రెండు నెలల కింద ఒక రాత్రి చెంప ఉబ్బిపోయింది, జ్వరం. పక్కింటి పెద్దమ్మ "పన్ను పీకిపిస్తే కండ్లు పోతయ్ బిడ్డా" అంది. ఆ మాట విని లోలోపల సంతోషపడ్డాను. పోకుండా ఉండటానికి ఒక కారణం దొరికింది కదా. తెల్లారేసరికి హన్మకొండ నుంచి మా వదిన ఆటో మాట్లాడుకుని వచ్చేసింది. నన్ను తిట్టలేదు, భయమెందుకని అడగలేదు. "నువ్వేం చేయించుకోకు. పోయి కూసొని మాట్లాడుదువు, గంతే. లేసి వచ్చేద్దామంటే వచ్చేద్దాం" అంది. వదినా, చిన్నప్పుడు కూడా "చూస్తడంతే" అనే తీసుకుపోయారు. కానీ నువ్వు లేచి వచ్చే దారి కూడా చూపించావు. అందుకే నీ వెంట వచ్చాను.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. నన్ను ఆ పెద్ద కుర్చీలో కూర్చోమనలేదు. తన టేబుల్ ఎదురుగా మామూలు కుర్చీ వేసింది. ముందుగా మింగడానికి ఇబ్బంది ఉందా, నోరు తెరుచుకుంటుందా, ఊపిరి సరిగ్గా ఆడుతుందా అని అడిగింది. వాపుతోపాటు వీటిలో ఏది ఉన్నా క్లినిక్‌లో కూర్చోకుండా నేరుగా పెద్ద దవాఖానకు పోవాలట. నాకు అవి లేవు. అప్పుడు అయిదు ప్రశ్నలు అడిగింది. రేపు పండ్ల డాక్టర్ దగ్గరికి పోవాలంటే ఎట్లా అనిపిస్తుంది? బయట కూర్చుని ఎదురు చూస్తుంటే? మిషన్‌తో పన్ను చెక్కుతుంటే? పండ్లు శుభ్రం చేస్తుంటే? చిగురుకు సూది వేస్తుంటే? ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 25కి నాకు 23 వచ్చాయి. 19 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే భయం చాలా ఎక్కువ ఉన్నట్టట. సిగ్గుతో తల దించుకున్నాను. ఆమె మాత్రం బీపీ రాసుకున్నట్టే ఆ అంకెను నా కాగితం మీద రాసుకుని, "అయితే మనం మెల్లగ పోవాలె అక్కా" అంది.

చిన్నప్పటి సంగతి చెప్పాను. మధ్యలో ఆపకుండా మొత్తం విన్నది. విని ఏమందంటే, చీము పట్టి వాచినచోట ఆమ్లం పెరుగుతుంది, ఆమ్లం ఉన్నచోట మత్తుమందు నరంలోకి సరిగ్గా దిగదు. దానికితోడు మందు ఎక్కేదాకా ఆగలేదు. "ఆ రోజు మీకు నొప్పి లేచింది నిజమే అక్కా. మీరు ఊకె ఏడ్వలేదు" అంది.

ఇన్నేళ్ళూ నేను పిరికిదాన్నని అనుకుంటూ బతికాను. నా నొప్పి నిజమేనని ఒక డాక్టర్ అనడం అదే మొదటిసారి. అక్కడే ఏడ్చేశాను. మేడం, మీరు నీళ్ళ గ్లాసు నా ముందు పెట్టి ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. బయట మనుషులు ఎదురుచూస్తున్నా గడియారం వైపు చూడలేదు. దానికి నేను ఏమిచ్చుకోగలను?

ఆ రోజు జ్వరానికి, వాపుకు మందులు రాశారు. మందులతో వాపు తగ్గినా జబ్బు పన్ను లోపలే ఉంటుంది, దాన్ని శుభ్రం చేయకపోతే మళ్ళీ వస్తుంది, ఎల్లుండి తప్పకుండా రావాలని చెప్పారు. పొద్దున మొదటి నంబర్ నాకే ఇచ్చారు, బయట కూర్చుని మిషన్ చప్పుడు వింటూ కుమిలిపోకుండా. తిని రమ్మన్నారు. ఖాళీ కడుపుతో వస్తే భయానికి కళ్ళు తిరుగుతాయట. పెద్దమ్మ చెప్పిన కండ్ల సంగతి కూడా అడిగాను. చూపు నరం వేరు, పండ్ల నరాలు వేరు, పన్ను తీస్తే చూపు పోదని పుర్రె బొమ్మ చేతిలో పట్టుకుని చూపించారు. ఇంటికొచ్చి పెద్దమ్మకు నేనే చెప్పాను.

ఇక ఆ పొద్దున. కుర్చీలో కూర్చున్నాక ఇంకా ఏ పనిముట్టూ తీయకముందే, "ఎడమ చెయ్యి లేపండి అక్కా" అన్నారు. లేపాను. ఆమె తన రెండు చేతులూ నాకు దూరంగా పెట్టి చూపించారు. "మీరు ఎప్పుడు లేపితే అప్పుడు గిట్లనే. ఎందుకని అడగ."

ముందు చిగురుకు జెల్ రాసి రెండు నిమిషాలు ఆగారు. సూది నాకు కనబడనీయలేదు, కానీ వేస్తున్నానని చెప్పే వేశారు. మందును చాలా నెమ్మదిగా ఎక్కించారు. నొప్పి సూది మొన వల్ల కంటే మందును గబగబా తోస్తేనే ఎక్కువట. కాసేపటికి నా గుండె దడదడా కొట్టుకుంది. ఇక అయిపోయింది, నేను లేచిపోతాను అనుకున్నాను. ఆ మందులో కొంచెం ఆడ్రినలిన్ కలుపుతారట, మత్తు ఎక్కువసేపు నిలవడానికి. దడ దానివల్ల కూడా వస్తుంది, కొన్ని నిమిషాల్లో పోతుంది అని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఆగాను. పోయింది. చెప్పకపోయి ఉంటే ఆ దడను నా భయమే అనుకుని ఆటో ఎక్కేసేదాన్ని.

పెదవి సగం మొద్దుబారి ఇంత లావైనట్టు అనిపించింది. అద్దంలో చూస్తే ఎప్పటిలాగే ఉంది. అదిమినట్టు తెలుస్తుంది, కదిలించినట్టు తెలుస్తుంది, మత్తు ఆపేది నొప్పిని మాత్రమే అన్నారు. ఈ ఒక్క మాట పెద్ద సాయం చేసింది. అదిమినప్పుడల్లా "ఇది నొప్పా, అదుమా" అని నన్ను నేను అడుక్కున్నాను. దాదాపు ప్రతిసారీ అదుమే. ఎక్స్‌రేకు నోట్లో పెట్టినప్పుడు వాంతి వచ్చినట్టయితే కుడికాలు కొంచెం పైకి లేపి పట్టుకుని ముక్కుతో గాలి పీల్చమన్నారు. ధ్యాస కాలు మీదికి పోయింది, పని అయిపోయింది.

ఆ మొదటి రోజు నేను ఏడుసార్లు చెయ్యి లేపాను. నిజం చెప్పాలంటే నొప్పికి లేపింది రెండుసార్లే. ఆ రెండుసార్లూ మళ్ళీ మందు వేసి, మొద్దుబారిందో లేదో చూసి మొదలుపెట్టారు. మిగతా అయిదుసార్లు ఏ నొప్పీ లేదు. ఆపుతారా లేదా అని చూడ్డానికే లేపాను. ఏడుసార్లూ ఆపారు. అడగలేదు, విసుక్కోలేదు. అయిదోసారో ఆరోసారో నాకు అర్థమైంది, ఇన్నేళ్ళు నేను భయపడింది సూదికి కాదు, మిషన్‌కు కాదు. నా మాట ఎవరూ వినని ఆ కుర్చీకి.

పన్ను పీకకుండా లోపల శుభ్రం చేసి నింపే ఈ పనిని రూట్ కెనాల్ అంటారు, అది మూడుసార్లలో అయింది. మిగతా రెండుసార్ల గురించి చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. మూడోసారి చెయ్యి ఒళ్ళోనే ఉంది.

నా పనిలో కూడా ఒక మార్పు వచ్చింది, అది చెప్పాలి. మా సెంటర్‌లో టీకాల రోజు పిల్లలను పట్టుకునేది నేనే. "ఏం గాదు, చూడు అగో పిట్ట" అని చెప్పి ఇటు సూది వేయించేదాన్ని. నాకు చిన్నప్పుడు చేసిందే నేను చేస్తున్నానని తెలుసుకోలేదు. డాక్టరమ్మను అడిగితే, పిల్లల పండ్ల వైద్యంలో 1959 నుంచీ ఒక పద్ధతి ఉందన్నారు: ముందు చెప్పాలి, తర్వాత చూపించాలి, ఆ తర్వాతే చేయాలి. పోయినసారి డీపీటీ బూస్టర్‌కు వచ్చిన అయిదేళ్ళ పాపకు, "చీమ కుట్టినట్టు ఉంటది, అయిదు లెక్కపెట్టేసరికి అయిపోతది, ఏడుపొస్తే ఏడువు" అని చెప్పాను. టీకాలు వేసే ఏఎన్ఎం అక్క సూది లేని సిరంజిని ముందు పాప చేతికిచ్చింది. పాప ఏడ్చింది. కానీ వెళ్ళేటప్పుడు నాకు టాటా చెప్పి వెళ్ళింది. ఇదివరకు సూది వేయించుకున్న పిల్లలు వారం దాకా నా దగ్గరికి వచ్చేవాళ్ళు కాదు. ఇంట్లో మా బిడ్డను "పండ్లు తోముకోకుంటే డాక్టర్ సూది పొడుస్తడు" అని బెదిరించడం కూడా మానేశాను.

నా భుజం మీద చెయ్యి వేయొచ్చా అని అడిగి వేసిన క్లినిక్‌లోని చెల్లెకు, నేను లేని పూటల్లో పిల్లలకు బాలామృతం, గుడ్లు చూసుకున్న మా ఆయమ్మకు, డబ్బు మూడు విడతల్లో కట్టుకోవచ్చన్నవాళ్ళకు, ఎన్నాళ్ళు దాచావని ఒక్క మాట అనకుండా నాలుగుసార్లు సెలవు పెట్టిన మా ఆయనకు చాలా కృతజ్ఞతలు.

క్యాప్ వేయించుకున్న సాయంత్రం బాపు దగ్గరికి పోయాను. బాపుకు 74. రెండు పండ్లు కదులుతున్నాయి, మెత్తని అన్నం తప్ప తినడం లేదు, డాక్టర్ మాట ఎత్తితే లేచి బయటికి పోతాడు. చెయ్యి లేపితే ఆపిన సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు నీ కాళ్ళు పట్టుకున్నది నేనే బిడ్డా. వదలమంటే వదల్లే" అన్నాడు. అప్పటి నుంచి తను కూడా ఏ పండ్ల డాక్టర్ గడపా తొక్కలేదట. నాకు ఈ సంగతి తెలియదు. పక్కన కూర్చుని బాపు పాదాలు పట్టుకున్నాను.

సోమవారం పొద్దున మొదటి నంబర్ బాపుకు తీసుకున్నాను మేడం. చెవులు కొంచెం తక్కువ వినబడతాయి, దగ్గరికొచ్చి చెప్పాలి. మొదలుపెట్టేముందు ఆయనకు కూడా ఒకసారి చెయ్యి లేపించండి.