అమ్మ రెప్ప మీద స్టెత్ పెట్టిన డాక్టరమ్మకు

మీ పేరు కూడా అడగలేదు. ఆ టెన్షన్‌లో తోచలేదు.

అమ్మకు 64 ఏళ్లు. ఎడమ కన్ను నెలన్నరగా ఎర్రగా ఉంటే కళ్లకలక అన్నారు, చుక్కల మందులు మార్చి మార్చి వేశాం. కన్ను కాస్త ముందుకు పొడుచుకొచ్చింది, ఒకటి రెండుగా కనిపించసాగింది. "చెవిలో రైలింజన్‌లా బుస్సు బుస్సుమంటోందిరా" అని అమ్మ అంటే నేనే పట్టించుకోలేదు. మీరు సరిగ్గా ఆ మాట దగ్గరే ఆగారు. "నాడి కొట్టుకున్నట్టే వస్తోందా అమ్మా?" అని అడిగి, మూసిన రెప్ప మీద స్టెత్ పెట్టి విన్నారు. కంటి తెల్లగుడ్డు మీద రక్తనాళాలు మెలికలు తిరగడం నాకూ చూపించారు.

కంటి వెనక కావెర్నస్ సైనస్ అనే సిరల గూడులోకి ధమని రక్తం నేరుగా వచ్చి పడుతోందని, అందుకే కన్ను ఉబ్బి లోపల ప్రెజర్ పెరుగుతోందని మందుల చీటీ వెనక బొమ్మ గీశారు. ఆ చీటీ దాచుకున్నాను. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి తీసిన యాంజియోగ్రామ్‌లో మీరన్నదే తేలింది. వారం తిరక్కుండానే తొడ సిర గుండా వెళ్లి, ప్లాటినం తీగచుట్టలతో ఆ దారి మూసేశారు. తలకు కోత లేదు, కుట్లు లేవు.

మత్తు దిగగానే అమ్మ అన్న మొదటి మాట, "రైలు వెళ్లిపోయిందిరా." ఎరుపు మెల్లగా తగ్గింది, రెండుగా కనిపించడం పోవడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

మళ్లీ వస్తే మీ పోస్టింగ్ మారిందన్నారు. మీకని తెచ్చిన ఆవకాయ జాడీ ఇంకా మా ఇంట్లోనే ఉంది.