చెవుడొచ్చిన పెద్దవాళ్లు ఎక్కడికి పోవాలి సార్?

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారం.

పుట్టు చెవుడున్న పిల్లలకు ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్, అంటే వినపడటానికి లోపలి చెవిలో అమర్చే పరికరం, ఉచితంగా పెడుతున్నారు. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో ఆ ఆపరేషన్లు జరుగుతున్నాయి. చాలా సంతోషం. నా వయసు వాళ్ల సంగతేమిటని అడగడానికే ఈ ఉత్తరం.

నేను హనుమకొండలో బట్టలు కుడతాను. మందులకు లొంగని టీబీ వస్తే నెలల తరబడి కనామైసిన్ ఇంజెక్షన్లు వేశారు. టీబీ తగ్గింది, రెండు చెవులూ పోయాయి. ఆ మందు వినికిడిని దెబ్బతీస్తుందని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. ఇక వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది మాత్రం 2018లో. అయినా బతికించిన మందును తిట్టలేను.

హియరింగ్ మెషిన్ పెట్టుకోవచ్చుగా అంటారు అందరూ. మెషిన్ శబ్దాన్ని పెంచుతుంది, అంతే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలే చచ్చిపోయాక ఎంత పెంచి ఏం లాభం? ఇంప్లాంట్ వాటితో పని లేకుండా సన్నని తీగతో నేరుగా నరానికే సంకేతం పంపుతుంది. మాకు మాటలన్నీ ముందే వచ్చు కాబట్టి కొన్ని నెలల్లో మెదడు మళ్లీ అందుకుంటుంది. ఫలితం అందరికీ ఒకేలా ఉండదు, నిజమే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. మెదడు పొరల వాపుతో (మెనింజైటిస్) చెవులు పోయినవాళ్లకైతే లోపలి చెవిలో ఎముక పెరిగి తీగ దూరడమే కష్టమవుతుంది, వాళ్లకు ఆగే టైమే లేదు.

రిపోర్టులు పట్టుకుని ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి పోతే, ఆ అమ్మాయి నా వెనక్కి చూసి కాగితం మీద "పాప ఏదక్కా?" అని రాసింది. నాకే అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఆమె ఏం చేస్తుంది పాపం, రూలే అలా ఉంది. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం పథకం అడిప్‌లో ఇచ్చే ఇంప్లాంట్లూ పిల్లలకే.

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని రూ.10 లక్షలకు పెంచారు. మామూలు రకం పరికరం, ఆపరేషన్ కలిపినా అందులోనే అయిపోతుంది. అంటే అడ్డం డబ్బు కాదు, వయసు. వికలాంగుల పింఛను రూ.4,016 ఇస్తున్నారు, కాదనను. కానీ జాకెట్ వెనక మెడ ఎంత లోతు పెట్టాలో కస్టమర్ చెబితే నాకు వినపడాలి కదా. రెండుసార్లు నోట్‌బుక్‌లో రాయించుకుంటే మూడోసారి పక్క షాపుకి పోతున్నారు. మొన్న సూది విరిగిన చప్పుడు కూడా తెలియక జానెడు దూరం ఉత్తగా తొక్కాను.

మాటలు వచ్చాక చెవుడు వచ్చినవాళ్లకు వయసు పరిమితి తీసేయండి. ఇంప్లాంట్ ఎవరికి పనికొస్తుందో ఈఎన్‌టీ డాక్టరు, వినికిడి నిపుణులైన ఆడియాలజిస్టు పరీక్ష చేసి తేలుస్తారు. ఆపరేషన్ తర్వాత పరికరాన్ని మనిషికి తగ్గట్టు సరిచేసే మ్యాపింగ్, చెవి బయట ఉండే ప్రాసెసర్ రిపేర్లు కూడా పథకంలో కలపండి, లేకపోతే చెవి వెనక పెట్టుకున్న లక్షల వస్తువు మూలన పడుతుంది. టీబీకి ఇప్పటికీ అమికాసిన్ ఇంజెక్షన్లు (అవీ వినికిడిని దెబ్బతీసేవే) తీసుకునేవాళ్లుంటే, వాళ్లకు మొదటి నుంచీ వినికిడి పరీక్షలు చేయించండి.

మీ ఆఫీసు నుంచి జవాబిచ్చేటట్టయితే దయచేసి మెసేజ్ పెట్టమనండి. ఫోన్ చేస్తే ఎత్తి నేనేం చేసుకోను?

ఇట్లు
హనుమకొండ టైలర్