స్పే నదిలో చేపలు పట్టుకోవచ్చని ఇచ్చిన తప్పుడు సమాచారంపై ఫిర్యాదు

తేదీ: 2025 జూలై 2
లెస్టర్

మేనేజర్ గారికి,

నమస్కారం. స్కాట్లండ్‌లో గ్రాంటౌన్ ఆన్ స్పే దగ్గరి కాటేజీని జూన్ 14 శనివారం నుంచి 21 దాకా మీ ద్వారా బుక్ చేసుకున్నాం. నేను, మావారు, పాప, ఊరి నుంచి వచ్చిన మా నాన్నగారు. ప్యాకేజీ వివరాలన్నీ మీరు తెలుగులోనే పంపారు కాబట్టి నేనూ తెలుగులోనే రాస్తున్నాను. "పెరటి గేటు దాటితే స్పే నది, ఎంతసేపైనా చేపలు పట్టుకోవచ్చు" అని అందులో ఉంది. ఆ ఒక్క మాట చూసే ఈ కాటేజీ తీసుకున్నాం. ఫిషింగ్ కోసమని విడిగా 180 పౌండ్లు కట్టాం.

నాన్నగారిది కోనసీమ, గౌతమి ఒడ్డున పెరిగిన మనిషి. వరద నీటికి సముద్రంలోంచి గోదావరిలోకి ఎదురీదే పులస గురించి అడిగితే గంటలు చెప్తారు. సాల్మన్ కూడా అలాగే సముద్రం నుంచి నదిలోకి ఎక్కి వస్తుందని తెలిసిన దగ్గర్నుంచీ ఆయనకి అదే ధ్యాస. బయల్దేరే ముందు లైసెన్స్ సంగతి మీ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాను. ఇంగ్లండ్‌లో గాలం వేయడానికి ఇచ్చే రాడ్ లైసెన్స్ ఎనిమిది రోజులకి తీసుకుంటే చాలన్నారు. తీసుకున్నాం.

15వ తేదీ ఆదివారం, ఫాదర్స్ డే. పొద్దున్న ఆరున్నరకే నాన్నగారు మోకాలి లోతు నీళ్లలో నిలబడి గాలం వేశారు. అరగంట కాకుండానే ఆ బీటు, అంటే నదిలో ఆ భాగం, చూసుకునే గిల్లీ (చేపల వేటని చూసుకునే మనిషి) వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. నేను ఫోన్‌లో లైసెన్స్ చూపిస్తే తల అడ్డంగా ఊపి, ఇది ఇక్కడ పనికిరాదన్నాడు. స్కాట్లండ్‌లో అలాంటి లైసెన్స్ పద్ధతే లేదు. నదిలో ఒక్కో భాగంలో చేపలు పట్టే హక్కు ఒక్కొక్కరిది, వాళ్ల అనుమతి ఉండాలి. రాతపూర్వక అనుమతి లేకుండా సాల్మన్ పట్టబోతే నేరం కిందికి వస్తుంది. పైగా ఆదివారం సాల్మన్ పట్టడం స్కాట్లండ్ మొత్తంమీద నిషేధం. ఆ బీటులో ఫ్లై (ఈగలా చేసిన కృత్రిమ ఎర) తప్ప వానపాము ఎర కూడా కుదరదు. ఇందులో ఒక్కటీ మీరు చెప్పలేదు.

నాన్నగారికి ఇంగ్లీషు అంతగా రాదు. అయినా ఆ మనిషి ముఖం చూసి అర్థం చేసుకున్నారు. మాట్లాడకుండా దారం చుట్టేసి, కొక్కేన్ని కండువా కొంగుతో తుడిచి డబ్బాలో పెట్టారు. "దొంగతనంగా పడుతున్నామనుకున్నాడేమో అమ్మా" అన్నారు. డెబ్బై రెండేళ్ల మనిషి చేత ఆ మాట అనిపించారు మీరు.

సోమవారం మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, స్కాట్లండ్‌లో ఎక్కడికైనా స్వేచ్ఛగా వెళ్లొచ్చని చట్టమే ఉందిగా అని వాదించారు. 2003 నాటి ఆ భూసంస్కరణ చట్టం నది ఒడ్డున నడవడానికి, నీళ్లలో పడవ వేసుకోవడానికి హక్కిచ్చింది. చేపలు పట్టడం అందులోకి రాదు. కాటేజీలు అద్దెకిచ్చే వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఈ సంగతి తెలిసి తీరాలి.

చివరికి బుధవారం ఊళ్లో ఫిషింగ్ సామాన్ల షాపులో మా డబ్బుతోనే ఒకరోజు పర్మిట్ కొన్నాం. నాన్నగారికి జానెడు బ్రౌన్ ట్రౌట్ ఒకటి పడింది. తడి చేత్తో పట్టుకుని, దాని ఒంటిమీది ఎర్రచుక్కలు పాపకి చూపించి, మళ్లీ నీళ్లలో వదిలేశారు. అదృష్టం బాగుండి ఆ ఒక్క సాయంత్రమైనా దక్కింది, అందులో మీ సాయం ఏమీ లేదు.

ఇక మిగతావి. కనోయింగ్ (తెడ్డుతో చిన్న పడవ నడపడం) అన్నారు, పాప సైజు లైఫ్ జాకెట్ లేదు, అంత వడిగల నదిలోకి అది లేకుండా ఎలా దింపుతాం? సైకిళ్లు రెండిట్లో ఒకటి పంక్చర్. స్కాట్లండ్‌లో ఇలా అద్దెకిచ్చే ఇంటి ప్రకటనలో ఆ ఇంటి అద్దె లైసెన్స్ నంబరు వేయాలి, మీ పేజీలో అదీ లేదు. కాటేజీ మాత్రం శుభ్రంగా ఉంది, దాన్ని చూసుకునే ఆవిడ ఎంతో ఆదరంగా చూసింది. వాళ్లమీద నా ఫిర్యాదు లేదు.

ఫిషింగ్ కోసం కట్టిన 180 పౌండ్లు, ఇంగ్లండ్ లైసెన్స్ ఖర్చు, పర్మిట్ ఖర్చు 14 రోజుల్లోగా తిరిగివ్వండి. రసీదులు జతచేశాను. "ఎంతసేపైనా చేపలు పట్టుకోవచ్చు" అన్న వాక్యం మీ పేజీలో ఉంటే వెంటనే తీసేసి, పర్మిట్ ఎక్కడ కొనాలో, ఏ రోజు పట్టకూడదో రాయండి. ఇంకో కుటుంబం పోలీసుల దాకా వెళ్లే పరిస్థితి తేవద్దు.

నాన్నగారు జూలై 20న ఊరికి వెళ్లిపోతున్నారు. క్షమాపణ లేఖ ఆయన పేరున, తెలుగులో రాసి, ఆయన ఇక్కడ ఉండగానే అందేలా పంపండి.

ఇట్లు,
మీ కస్టమర్