వేటకెళ్లే ముందు బ్యాటరీ చూసుకోండి

అన్నలూ, జూన్ 14తో సముద్రంలో చేపల వేట నిషేధం అయిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు కట్టేసి ఉన్న బోట్లు, బ్యాటరీలు ఇప్పుడే చూసుకోవాలి.

సెల్ఫ్ (ఇంజిన్ స్టార్ట్ చేసే మోటారు) కొడితే టక్కుమని ఆగిపోతోందా? వెంటనే కొత్త బ్యాటరీ కొనేయకండి. బ్యాటరీకి ముందు నెగటివ్ వైరు, తర్వాత పాజిటివ్ వైరు విప్పి చూడండి. ఉప్పుగాలికి పచ్చగా, తెల్లగా పూత పట్టి ఉంటుంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి కడగండి, బ్యాటరీ లోపలికి మాత్రం పోనివ్వొద్దు. ఆరాక బిగించి గ్రీజు రాయండి. ఎర్త్ కేబుల్ (నెగటివ్ వైరు) ఇంజిన్‌కి బిగించిన చోటు మనోళ్లెవరూ చూడరు, సగం జబ్బు అక్కడే.

ఇంజిన్ ఆపి వోల్టుల మీటరు పెడితే ఫుల్ ఛార్జి ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12కి దిగితే ఛార్జింగ్‌కి పంపండి. 24 వోల్టుల బోట్లలో రెండు బ్యాటరీలనూ విడివిడిగా చూడండి. ఫుల్ ఛార్జి ఉండి కూడా సెల్ఫ్ కొట్టగానే 9 వోల్టుల కిందికి పడిపోతే దాని పని అయిపోయినట్టే.

సెల్ఫ్‌కి ఇంజిన్ జోరుగా తిరుగుతున్నా స్టార్ట్ అందుకోకపోతే బ్యాటరీని తిట్టి లాభం లేదు. డీజిల్ లైన్లో గాలి చేరిందేమో చూసి, ఫిల్టర్ దగ్గర బ్లీడ్ చేయండి, అంటే ఆ గాలి బయటికి తీసేయండి. సెల్ఫ్ పది సెకన్లకు మించి నొక్కి పట్టొద్దు, మోటారు కాలిపోతుంది.

ఛార్జింగ్ పెట్టిన చోట బీడీ వద్దు బాబూ, బ్యాటరీ నుంచి వచ్చే గ్యాస్ అంటుకుంటుంది. మీటరు లేనివాళ్లు సాయంత్రం జెట్టీ దగ్గరకి రండి, నాది తెస్తా.