నానావతిని సుప్రీంకోర్టు వదిలేయలేదండీ!

సంపాదకుల వారికి,

మొన్నామధ్య మీ విద్యా పేజీలో న్యాయ విద్యార్థుల కోసమంటూ నేర బాధ్యత మీద ముఖ్యమైన కేసుల పట్టిక వేశారు. ఎవరైనా సవరణ పంపుతారులే అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. పంపలేదో, పంపినా మీరు వేయలేదో గానీ, చివరికి నేనే రాయాల్సి వచ్చింది.

భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసు ఎదురుగా ‘ఆకస్మిక ఆవేశం - నిర్దోషి’ అని అచ్చేశారు. నిర్దోషి అన్నది బొంబాయి జ్యూరీ, అంటే కేసు విని తేల్చడానికి కూర్చోబెట్టిన మామూలు పౌరులు. ఎనిమిది మంది అటు, ఒక్కరు ఇటు. హైకోర్టు దాన్ని తోసిపుచ్చి యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. భార్య సంగతి తెలిశాక ఆయన భార్యాపిల్లల్ని సినిమా హాలు దగ్గర దింపి, ఓడకు వెళ్లి రివాల్వర్ తీసుకుని, ముందు ఆ ప్రియుడి ఆఫీసుకు, అక్కడ లేకపోతే ఫ్లాటుకు వెళ్లాడు. మధ్యలో దాదాపు మూడు గంటలు. తేరుకోవడానికి ఆ టైము చాలని కోర్టు అంది. ఆ కేసులో చదవాల్సిందే ఆ మూడు గంటలు. ఆ తర్వాత ఆయన బయటికొచ్చింది గవర్నరు క్షమాభిక్షతో, ఆవేశంతో కాదు.

సముద్రం మీద తోటివాణ్ణి చంపి తిన్న ఇంగ్లండు నావికులకు (1884) పట్టికలో చోటు దొరికింది, సంతోషం. మన గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన రాయవరపు పున్నయ్య (నిందితుల్లో ఒకడు) కేసుకు మాత్రం దొరకలేదు. ఊరి కక్షల్లో, బస్టాపు దగ్గర, యాభై దాటిన మనిషి చేతులు జోడించి వేడుకుంటున్నా బరువైన కర్రలతో కాళ్లూ చేతులూ చితక్కొట్టారు. తల మీద గానీ గుండె మీద గానీ ఒక్క దెబ్బ లేదు. మర్నాడు చనిపోయాడు. ఆయువుపట్టు మీద కొట్టలేదు కదా అని హైకోర్టు హత్యానేరాన్ని నేరపూరిత నరహత్యగా (హత్యకన్నా తక్కువ నేరం) తగ్గించింది. అన్ని ఎముకలు విరగ్గొట్టాలనే కొట్టారు, మామూలుగా ఆ గాయాలతో ప్రాణం పోతుంది, కాబట్టి హత్యే అని 1976లో సుప్రీంకోర్టు తిప్పికొట్టింది. నేరపూరిత నరహత్యకూ హత్యకూ తేడా చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఎక్కడుంది?

1912 నాటి ముషునూరు సూర్యనారాయణమూర్తి కేసూ అంతే. ఆయన ఒకణ్ణి చంపాలని విషం కలిపిన మిఠాయి ఇస్తే, వాడు కాస్త తిని పారేశాడు. అది ఏరుకుని తిన్న చిన్నపిల్ల చనిపోయింది. అనుకున్నవాడు బతికాడు. ఇది హత్యేనా అన్నదాని మీద మద్రాసు హైకోర్టులో ఇద్దరు జడ్జీలకే పొసగక మూడో జడ్జి దగ్గరికి వెళ్లింది. హత్యే అని తేలింది. జడ్జీలే తలలు పట్టుకున్న ప్రశ్నకు మన గైడ్లలో ఒకే లైను, కింద స్టార్ గుర్తు!

ఇలా చదివి వచ్చినవాళ్లే రేపు లాయర్లు, ప్రాసిక్యూటర్లు. ఇప్పటికే చూస్తున్నాం కదా. గొడవ జరిగితే చాలు, అక్కడున్నవాళ్లూ లేనివాళ్లూ అందరి పేర్లూ ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కించి ‘ఉమ్మడి ఉద్దేశం’ (అందరూ ఒకే ఉద్దేశంతో చేశారు కాబట్టి అందరిదీ నేరమే అనే సూత్రం) తగిలించేస్తారు. ఎవరు ఏం చేశారో, ఎవరి మనసులో ఏముందో అడిగే నాథుడు లేడు. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చాక మరీ విడ్డూరం. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ 302 పోయి 103 వచ్చిందని నంబర్లు బట్టీ పట్టించడమే బోధన అయిపోయింది. కాలేజీల తనిఖీకి వచ్చేవారు హాజరు పట్టీ చూస్తారు, లైబ్రరీలో అద్దాల బీరువా చూస్తారు. దానికి తాళం చెవి ఎవరి దగ్గరుందని మాత్రం అడగరు.

సవరణ వేస్తే నానావతి లైను ఒక్కటీ దిద్ది చేతులు దులుపుకోకండి. ఒక వారం పట్టిక మానేసి, పున్నయ్య కేసులో జరిగింది మాత్రం వేసి, తీర్పు చెప్పకుండా ఏ సెక్షన్ వర్తిస్తుందో విద్యార్థులనే రాయమనండి. చోటు లేదంటారేమో, ఆ పేజీలో సగం కోచింగ్ సెంటర్ల ప్రకటనలేనండీ.

- ఒక న్యాయవాది